మందులో ప్రాణం, మందులో ప్రమాదం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఈసారి ఎవరి జీవితం రాద్దామని పూర్వ విద్యార్థులం నలుగురం కూర్చున్నాం. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి సైన్సు వైపు నుంచి ఒకరిని పరిచయం చేద్దాం అనుకున్నాం. పేరు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మన హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేసిన పెద్దమ్మే ఆ పేరు మాకు గుర్తు చేసింది.

పెద్దమ్మను మీలో పెద్దవాళ్లంతా ఎరుగుదురు. మెస్ బిల్లులు నెలల తరబడి రాని రోజుల్లో కూడా మన కంచాల్లో అన్నం తగ్గనివ్వని మనిషి. పని మానేసి ఇంటికి వెళ్లాక ఆమెకు కీళ్లవాతం పట్టుకుంది. డాక్టరు రెండు రకాల మాత్రలు రాశారు. ఒకటి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. అది మెథోట్రెక్సేట్. రెండోది మిగిలిన రోజుల్లో వేసుకోవాలి. అది ఫోలిక్ యాసిడ్. రెండూ చిన్నవే, రెండూ పసుపు రంగువే. పెద్దమ్మకు చదువు రాదు. ఎక్కడో మాత్రలు తారుమారయ్యాయి. వారానికి ఒకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంది.

తొమ్మిది, పది రోజులకు నోరంతా పూసిపోయింది. గంజి కూడా మింగలేకపోయింది. జ్వరం వచ్చింది. జ్వరానికీ, నొప్పులకూ ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేసుకుంది. మాలో ఫార్మసీ చదివిన తమ్ముడు చూడటానికి వెళ్లి, మాత్రల అట్టలు తిప్పి చూసి, అప్పటికప్పుడు ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయాడు. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. సెలైన్లు, విరుగుడు ఇంజెక్షన్లు పెట్టి మూడు వారాలకు మనిషిని నిలబెట్టారు. తప్పు ఎవరిదని మేం అడగబోవటం లేదు. పెద్దమ్మ బతికింది, అది చాలు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ రోజుల్లో మాకు ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాం. పెద్దమ్మను పడేసిన మాత్ర, దాని పక్కన ఇచ్చే రక్షణ మాత్ర, రెండూ ఒకే ప్రయోగశాల నుంచి పుట్టాయి. ఆ ప్రయోగశాలను నడిపినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడు. ఆయన కథ చెబుతూ, ఆయన మందు మన కిడ్నీలో ఏం చేస్తుందో కూడా చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం వదులుకున్నారు. ఇల్లు గడవటం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరాడని, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది అతని ఆలోచన అని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో వేసింది.

చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కారు. సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్లు ఈ వాక్యం మరోసారి చదువుకోవచ్చు. చదువు కోసం తల్లి నగలు అమ్మింది. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్లో కూడా ఖద్దరు గౌనే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసరైన ఆంగ్లేయుడికి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా, చివరికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీకి బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ కాగితంతో ప్రభుత్వ వైద్యసేవలో చేరటం కుదరలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారు నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం పాఠాలు చెప్పారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోయే జబ్బు అది. మన పెద్దలు గ్రహణి అనేవారు. సుబ్బారావుకూ అదే జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఈ జబ్బుల మూలం తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను అమెరికా వైపు నడిపించింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. సుబ్బారావు పుట్టిన ఇంటికీ మనం పుట్టిన ఇళ్లకూ తేడా ఉంది. అక్షరం ఆ ఇంట్లో ముందే ఉంది. బడి గడప తొక్కడానికి ఆయన ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు. అయినా ఆయన కూడా తన సొంత డబ్బుతో పైకి రాలేదు. 1919లో పెళ్లి చేసుకున్న శేషగిరి గారి తండ్రి కొంత సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. ఎవరో ఎప్పుడో జనం కోసం రాసిపెట్టిన ఆస్తి ఒక కుర్రాడిని ఓడ ఎక్కించింది. ప్రజల సొమ్ముతో హాస్టల్లో తిని చదువుకున్న మనకు ఆ రుణం విలువ వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

బెడ్ పాన్లు కడిగిన చేతులు

1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరారు. అప్పటికి చేతిలో డబ్బు దాదాపు లేదు. పగలు హార్వర్డ్ లోని ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చదువు. రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. మన అమ్మానాన్నలు ఏ పని చేసినందుకు తరాలుగా మాటలు పడ్డారో, ఆ పని చేసిన చేతులతోనే ఆయన తర్వాత ప్రపంచానికి మందులిచ్చారు. ఆయన వెళ్లిపోయాక పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు. ఆ గొప్పతనం వెనక ఒక స్త్రీ మోసిన ఒంటరితనం ఉంది. అది కూడా ఈ జీవితంలో భాగమే.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ శాఖలో చేరారు. ఆ శాఖకు పెద్ద ఆటో ఫోలిన్. కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ ను కొలిచే పద్ధతిని 1904లో తయారుచేసింది ఆ ఫోలినే. సుబ్బారావు అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ను కొలిచే పద్ధతి ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఇప్పటికీ దీన్ని నేర్చుకుంటారు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది. అందుకే కిడ్నీ రోగుల రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ కింద ఫాస్ఫరస్ అంకె కూడా ఉంటుంది.

ఆ పద్ధతితోనే కండరాలను పరీక్షిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే చిల్లర డబ్బు లాంటిది. మనం వేలు కదపాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, కిడ్నీ ఉప్పును వెనక్కి లాగాలన్నా కణం ఏటీపీనే ఖర్చుపెట్టాలి. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అంత పని చేసినా హార్వర్డ్ లో స్థిరమైన పదవి మాత్రం దక్కలేదు.

ఫోలిక్ యాసిడ్ – తమ్ముడిలాంటి మందు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. రక్తహీనతను తగ్గించే పదార్థం కాలేయంలో ఏదో ఉందని అప్పటికి తెలుసు. మన బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఈస్టు సారంతో తగ్గించవచ్చని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ 1931లోనే రాశారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు బృందం దాన్ని శుద్ధిచేసి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది.

ఆ తర్వాత స్ప్రూ రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే కోలుకున్నారు. తన ఇద్దరు సోదరులను మింగిన జబ్బుకు పాతికేళ్ల తర్వాత తన చేతి మీదుగానే మందు దొరికింది. మన అక్కాచెల్లెళ్లకు గర్భిణీగా ఉన్నప్పుడు ఏఎన్ఎం అమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది కూడా ఈ ఫోలిక్ యాసిడే.

ఆ ప్రయోగశాల నుంచే 1947లో బోదకాలుకు మందు వచ్చింది. దాని పేరు డైఇథైల్ కార్బమజీన్. బోదకాలు నివారణ కార్యక్రమంలో ఇంటింటికీ, హాస్టల్ హాస్టల్ కూ పంచిన మాత్రలు మనలో చాలామంది మింగాం. కొందరు చేదని పారేశారు కూడా. అది ఒక గోదావరి జిల్లా మనిషి పంపిన మందని అప్పుడు తెలియదు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ ను బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నదీ ఆయన నాయకత్వంలోనే. 1948లో అది జనానికి అందింది.

దొంగ తాళంచెవి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. ఆ రోజుల్లో పిల్లలకు రక్తక్యాన్సర్ వస్తే కొద్ది వారాల్లో, నెలల్లో పోవడమే. ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలను ఆ పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు అనిపించింది. క్యాన్సర్ కణం గబగబా రెట్టింపు కావాలి. అందుకు కొత్త డిఎన్ఏ కావాలి. డిఎన్ఏ కట్టడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అయితే ఫోలిక్ యాసిడ్ ను అందకుండా చేస్తే ఏమవుతుంది? ఫార్బర్ ఆ మందు కోసం సుబ్బారావు బృందం వైపు చూశారు.

ఆ బృందంలో డోరిస్ సీగర్, ఆమె సహచరులు 1947లో అమినోప్టెరిన్ తయారుచేశారు. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒకచోట ఉన్న చిన్న ముక్కను తీసి మరో ముక్క పెట్టారు. అంతే తేడా. తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిది అది. కణంలో ఫోలిక్ యాసిడ్ ను పనికొచ్చేలా మార్చే ఎంజైములో ఇది ఇరుక్కుంటుంది. కణానికి డిఎన్ఏ సరుకు ఆగిపోతుంది.

1947 డిసెంబరు ఆఖరులో ఫార్బర్ ఆ మందును ఒక చిన్న పిల్లవాడికి ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్ లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. తర్వాత మళ్లీ తిరగబెట్టింది. కానీ పిల్లలకు వచ్చే ఆ రక్తక్యాన్సర్ ను ఒక మందు వెనక్కి నెట్టగలదని లోకానికి తెలిసింది. కీమోథెరపీ చరిత్రలో అదొక పెద్ద మలుపు. అదే ప్రయోగశాలలో, అదే కాలంలో అమినోప్టెరిన్ కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ కూడా తయారైంది. 1950ల్లో అమినోప్టెరిన్ స్థానాన్ని అదే తీసుకుంది. ఈరోజుకూ వాడుతున్నారు.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. గుండె ఆగిపోయింది. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలు. తన మందు ఎంత దూరం పోతుందో ఆయన చూడలేదు. అది ఎక్కడ కాటు వేస్తుందో కూడా పూర్తిగా చూడలేదు.

కిడ్నీ కణంలో ఏం జరుగుతుంది

మెథోట్రెక్సేట్ తో మనుషులకు క్యాన్సర్ పూర్తిగా నయమవుతుందని 1956లో తెలిసింది. గర్భసంచిలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ మీద మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఆ ఫలితం చూపించారు. 1970ల్లో డాక్టర్లు పిల్లలకు వచ్చే ఎముక క్యాన్సర్ మీద దీన్ని చాలా పెద్ద మోతాదులో వాడటం మొదలుపెట్టారు. పెద్దమ్మలాంటి కీళ్లవాతం రోగికి వారం మొత్తానికి సాధారణంగా 25 మిల్లీగ్రాములు దాటదు. ఎముక క్యాన్సర్లో ఒక్క విడతకు, శరీర ఉపరితలం ప్రతి చదరపు మీటరుకు 12 గ్రాముల దాకా ఎక్కిస్తారు. వందల రెట్లు ఎక్కువ. అంత మందు ఒంట్లోకి పోతే అది బయటకు వెళ్లే దారి ఒక్కటే పెద్దది. అది కిడ్నీ.

మన రెండు కిడ్నీల్లో ఒక్కోదానిలో పది లక్షల దాకా నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే ఒక జల్లెడ, దాని వెనక వంకరలు తిరిగిన ఒక సన్నని గొట్టం. రోజుకు సుమారు 180 లీటర్ల నీరు జల్లెడ దాటి గొట్టాల్లోకి వస్తుంది. గొట్టం గోడలోని కణాలు అందులో నూటికి 99 వంతులు వెనక్కి లాగేసుకుంటాయి. లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా మిగులుతుంది. ఇంత చాకిరీకి ఆ కణాలకు బోలెడంత ఏటీపీ కావాలి. అందుకే వాటి నిండా ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. సుబ్బారావు 1929లో కనుక్కున్న ఏటీపీ, 1947లో ఆయన ప్రయోగశాల ఇచ్చిన మందు, ఈ రెండూ కలుసుకునే చోటు ఈ గొట్టం కణమే.

మెథోట్రెక్సేట్ లో చాలా భాగం మారకుండా మూత్రంలోనే పోతుంది. కొంత జల్లెడ దాటి వస్తుంది. కొంత గొట్టం కణాలే రక్తంలోంచి పట్టుకుని లోపలికి తోస్తాయి. నీరు వెనక్కి పోయేకొద్దీ గొట్టంలో మందు చిక్కబడుతుంది. ఈ మందుకు ఒక గుణం ఉంది. క్షారంలో బాగా కరుగుతుంది, ఆమ్లంలో కరగదు. మన మూత్రం మామూలుగా కొంచెం ఆమ్లంగానే ఉంటుంది. దాంతో మందు గొట్టంలోనే స్ఫటికాలుగా పేరుకుంటుంది. చల్లారిన పాకంలో పటికబెల్లం కట్టినట్టు అనుకోండి. ఆ స్ఫటికాలు గొట్టాన్ని మూసేస్తాయి. వెనక ఒత్తిడి పెరుగుతుంది. గోడలోని కణాలు గాయపడి వాపు వస్తుంది. గాయపడిన చోట కొత్త కణం పుట్టాలంటే డిఎన్ఏ కావాలి. దాన్ని కూడా ఈ మందే ఆపేస్తుంది.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. కిడ్నీ మందగిస్తే మందు బయటకు పోదు. మందు రక్తంలో నిలిచిపోతే నోరు, పేగులు, ఎముక మజ్జ దెబ్బతింటాయి. కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. కిడ్నీ చెడితే మందు మిగులుతుంది, మందు మిగిలితే కిడ్నీ చెడుతుంది. పెద్ద మోతాదు తీసుకున్నవారిలో నూటికి 2 నుంచి 12 మందికి కిడ్నీ దెబ్బ తగులుతుందని లెక్కలు చెబుతున్నాయి.

పెద్దమ్మది పెద్ద మోతాదు కాదు. స్ఫటికాలు కట్టేంత మందు ఆమె తినలేదు. కానీ రోజూ వేసుకోవడంతో మందు ఒంట్లో పోగుపడింది. నోటి పూతతో నీళ్లు తాగలేక ఒళ్లు ఎండిపోయింది. దాని మీద నొప్పి మాత్రలు పడ్డాయి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం రాకను తగ్గిస్తాయి. మెథోట్రెక్సేట్ ను బయటకు తోసే కణాల దారికి కూడా అడ్డం పడతాయి. ఆ మూడూ కలిసి ఆమె కిడ్నీని కుంగదీశాయి.

తర్వాత వచ్చిన మందులదీ ఇదే కథ. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ కనుక్కున్న సిస్ప్లాటిన్ 1978లో అక్కడ అనుమతి పొందింది. అందులో ప్లాటినం ఉంటుంది. గొట్టం కణం దాన్ని రక్తంలోంచి లోపలికి లాక్కుని రక్తంలో కంటే చాలా ఎక్కువ పోగుచేసుకుంటుంది. కణం లోపల క్లోరైడు తక్కువ. అక్కడ ఆ మందు క్లోరిన్ను వదిలి చురుకెక్కుతుంది. డిఎన్ఏను పట్టుకుంటుంది, మైటోకాండ్రియాను కొడుతుంది. ఏటీపీ ఆగిపోయి కణం చచ్చిపోతుంది. మెగ్నీషియం మూత్రంలో కారిపోతుంది. సిస్ప్లాటిన్ తీసుకున్నవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో కిడ్నీ దెబ్బ కనిపిస్తుంది. మెథోట్రెక్సేట్ ఎక్కువగా గొట్టాన్ని మూసి చంపితే, సిస్ప్లాటిన్ కణం లోపలికి దూరి చంపుతుంది.

నీళ్లు, సోడా, విరుగుడు

ఇంత చదివి మందంటేనే భయం పెట్టుకోవద్దు. ఆ భయంతో వైద్యం మానేసినవారు మా ఊళ్లలో ఉన్నారు. అది ఇంకా పెద్ద నష్టం. ఈ దెబ్బను తప్పించే దారులు కూడా దొరికాయి. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ కు ముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెడతారు. సోడియం బైకార్బొనేట్, అంటే మనం సోడా ఉప్పు అనే దాన్నే, ఎక్కించి మూత్రాన్ని క్షారంగా మారుస్తారు. మూత్రం పిహెచ్ 7కు తగ్గకుండా మాటిమాటికీ చూస్తారు. అప్పుడు మందు కరిగి కొట్టుకుపోతుంది. రక్తంలో మందు ఎంత మిగిలిందో, క్రియాటినిన్ ఎంతుందో రోజూ కొలుస్తారు.

తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. అది ఫోలిక్ యాసిడ్ జాతిదే. దొంగ తాళంచెవి ఇరుక్కున్న తలుపుతో పని లేకుండా పక్క తలుపులోంచి కణానికి సరుకు అందిస్తుంది. పెద్దమ్మకు పెట్టిన ఇంజెక్షన్లు అవే. కిడ్నీలు పూర్తిగా మొరాయించి మందు రక్తంలో ఉండిపోతే, దాన్ని నేరుగా ముక్కలు చేసే గ్లుకార్పిడేజ్ అనే ఎంజైము మందుకు 2012లో అమెరికా అనుమతి ఇచ్చింది. పావుగంటలో రక్తంలోని మెథోట్రెక్సేట్ లో నూటికి 97 వంతులు విరిగిపోతాయి. అయితే దాని ఖరీదు మనలాంటి ఇళ్లకు అందేది కాదు. నీళ్లు, సోడా ఉప్పు, వేళకు చేసిన పరీక్ష మాత్రం అందుతాయి.

తమ్ముళ్లకు మా మాట

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు. బతికుండగా మన దేశంలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. అయినా మెథోట్రెక్సేట్ మింగే వేలమందికి అది ఎవరి ప్రయోగశాల నుంచి వచ్చిందో తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. మాత్ర ఎలా వేసుకోవాలో తెలియకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

మన ఇళ్లలో మొట్టమొదట అక్షరం నేర్చినవాళ్లం మనమే. అమ్మ, నాయన, నాయనమ్మ చేతిలో ఉన్న మందుచీటీ చదవగలిగేది కూడా మనమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క పూట కూర్చుని మాత్రల డబ్బా విప్పి చూడండి. ఏ మాత్ర రోజూ, ఏ మాత్ర వారానికి ఒకసారి అన్నది డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి, తెలుగులో పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయండి. మెథోట్రెక్సేట్ అయితే వారం పేరు కూడా రాయండి. చదువు రానివారికి రెండు మాత్రలూ రెండు వేర్వేరు డబ్బాల్లో పెట్టి, ఒకదానికి దారం కట్టండి. క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవారు ఇంట్లో ఉంటే, డాక్టరును అడగకుండా కొట్లో నొప్పి మాత్ర కొని ఇవ్వకండి. నోరు పూసినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా మర్నాటి దాకా ఆగకండి.

పెద్దమ్మ ఇప్పుడు బాగుంది. ఆమె మాత్రల డబ్బాల మీద మా తమ్ముడి చేతిరాత ఉంది. ఒకదాని మీద ఆదివారం అని ఉంది. దానికి ఎర్రదారం కట్టి ఉంది. మొన్న మేం వెళ్లినప్పుడు ఆ డబ్బా చూపించి, అన్నం తినకుండా వెళ్లనివ్వలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడు మందు ఇచ్చాడు. ఆ మందును సరిగ్గా మన ఇంటివాళ్ల నోటికి అందించే పని మనది.